పక్కకు వంగే మంట

సిగరెట్టు వెలిగించడం వేరు, పైపు వెలిగించడం వేరు. సిగరెట్టు కొసకు నిప్పంటుకుంటే చాలు, ఆపైన అదే కాలుతూ పోతుంది. పైపు అలా లొంగదు. గిన్నెలో దట్టించిన పొగాకు మొదటి మంట తగలగానే ఉబ్బి పైకి లేస్తుంది. దాన్ని నెమ్మదిగా అదిమి మళ్లీ మంట చూపించాలి. ఆ రెండో మంటకు గానీ నిప్పు లోపలికి దిగదు. మంటను గిన్నె మీద చుట్టూ తిప్పుతూ చిన్న చిన్న గుక్కలుగా పీలుస్తుంటే, పీల్చినప్పుడల్లా మంట తల వంచి పొగాకులోకి దిగుతుంది, వదిలినప్పుడల్లా లేచి నిలబడుతుంది. ఇంతసేపూ మంట ఆరకూడదు, చెయ్యి కాలకూడదు, గిన్నె అంచు మాడకూడదు. ఆ గిన్నెను మధ్యధరా తీరాల్లో పెరిగే ఒక పొద వేరుముడితో చెక్కుతారు. బ్రయర్ అంటారు దాన్ని. బాగా మాడిన అంచును మళ్లీ పాత రూపుకు తేవడం ఎవరి తరమూ కాదు.

పైపు లైటరు ఈ ఇబ్బందిలోంచే పుట్టింది. మంట పైకే పోతుంది. దాన్ని పక్కకు వంచాలి, లేదా పీల్చేవాడి ఊపిరికి వంగేలా వదిలిపెట్టాలి. ఈ ఒక్క పని కోసం వియన్నాలో, లండన్‌లో, అమెరికాలో, జపాన్‌లో పనివాళ్లు ఎన్ని ఉపాయాలు పన్నారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నాకు పొగతాగే అలవాటు ఎన్నడూ లేదు. ఆ ఉపాయాలంటేనే నాకు ప్రాణం.

వాటి మీద మనసు పడేలా చేసింది మా పెద్ద మావయ్య. గుంటూరులో పొగాకు కంపెనీలో ఆకు కొనే ఉద్యోగం ఆయనది. ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ 1912లో ఏర్పడింది. ఆ తర్వాత గుంటూరు చుట్టుపక్కల నల్లరేగళ్లలో వర్జీనియా పొగాకు వేళ్లూనుకుంది. ఊరి పొలిమేరల్లో బ్యారన్లు లేచాయి. లోపల ఇనుప గొట్టాల్లోంచి వేడి పోతుంటే, కర్రలకు గుచ్చిన ఆకు పొగ తగలకుండా పసుపు రంగుకు తిరిగేది. గ్రేడింగు రోజుల్లో మావయ్య ఇంటికొచ్చాడంటే ఆయన కంటే ముందు ఆ వాసన వచ్చేది. ఆకును వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, అది సిగరెట్టుకు పోతుందో పైపు మిక్చరుకు పోతుందో చెప్పేవాడు. కొలువు వదిలి స్వదేశం వెళ్లిపోతూ ఒక దొర ఆయనకు తన పైపునూ, వెండి పూత పూసిన డన్‌హిల్ లైటరునూ ఇచ్చి వెళ్లాడట. ఇంట్లో మిగిలినవాళ్లంతా చుట్టలు కాల్చేవాళ్లే. పైపు ఒక్క మావయ్యదే.

మన సినిమాల్లో పైపు డబ్బున్న తండ్రికి గుర్తు. గౌను తొడుక్కుని, పైపు పట్టుకుని, మేడ మెట్లు దిగుతూ కూతుర్ని మందలించే పెద్దమనిషిని ఎన్నిసార్లు చూశామో! ఆ పైపు వెలిగించడం మాత్రం అరుదుగా చూపించేవాళ్లు. అసలు కథంతా వెలిగించడంలోనే ఉందని మావయ్యను చూశాక తెలిసింది. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆయన లైటరు తీసేవాడు. బొటనవేలి ఒక్క తోపుతో మూతచెయ్యి లేచేది, రవ్వ పడేది, వత్తి అంటుకునేది. రెండో చెయ్యి పైపును వదలనక్కర్లేదు.

ఆ ఒంటి చేతి పనితనానికి చిన్న చరిత్ర ఉంది. ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ జీను సామాన్ల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టాడు. మోటారు కార్లు వచ్చాక వాటిని నడిపేవాళ్లకు కావలసిన సరంజామా అమ్మాడు. ఆ రోజుల కార్లకు పైకప్పు లేదు, గాలి ముఖాన కొట్టేది. అందుకని 1904లో గాలికి అడ్డుగోడ ఉన్న పైపు ఒకటి తయారు చేసి పేటెంటు తీసుకున్నాడు. 1907లో లండన్ డ్యూక్ స్ట్రీట్‌లో పొగాకు దుకాణం తెరిచాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వైజ్, గ్రీన్‌వుడ్ అనే ఇద్దరు ఆయన దగ్గరికి ఒక నమూనా తెచ్చారు. ఆవపొడి డబ్బాను లైటరుగా మలిచిన మోటు సరుకు అది. కానీ ఒక్క చేత్తో పని చేసేది. 1920లలో యూనిక్ అనే పేరుతో డన్‌హిల్ అమ్మిన లైటరుకు మూలం అదే. ఆ తర్వాత దానికి బంగారం తొడిగారు, బార్లీ గింజల వరసల్లా చెక్కడాలు చెక్కారు, జపాన్‌లోని నమికి కంపెనీ పనివాళ్ల చేత లక్క మీద బంగారు పొడితో బొమ్మలు వేయించారు. ఆ లక్క పని ఉన్నవి నేను బొమ్మల్లోనే చూశాను. ఇన్ని హంగులు వచ్చినా లోపలి యంత్రం ఆ డబ్బాలో ఉన్నదే. నాకు నచ్చేది కూడా అదే.

డన్‌హిల్ ఎంత గొప్పదైనా రవ్వ లేకపోతే వట్టి డబ్బా. ఆ రవ్వ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. పూర్వం మన పశువుల కాపర్ల మొలలో చెకుముకి సంచి ఉండేది. అందులో రాయి, ఉక్కు ముక్క, కాస్త దూది. రాయి ఉక్కును గీరితే రాలే ఉక్కు రేణువులే రవ్వలు. లైటరు రాయిలో పని తిరగబడింది. అక్కడ చక్రం రాయిని గీరుతుంది, రాయే రాలి మండుతుంది. ఆ రాయిని కనిపెట్టినవాడు ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఔవర్ ఫాన్ వెల్స్‌బాక్. అంతకుముందే ఆయన గ్యాసు దీపాలకు మాంటిల్ కనిపెట్టాడు. మన పెళ్లిళ్లలో, హరికథల్లో, తిరునాళ్లలో తలమీద మోసిన పెట్రోమాక్సు లైట్ల మాంటిల్ ఆ కోవదే. మాంటిల్‌కు కావలసిన థోరియం మోనజైట్ ఇసకలో దొరుకుతుంది. థోరియం తీసుకోగా మిగిలిన సీరియం గుట్టలు పడి ఉండేది. దాన్ని ఏం చెయ్యాలా అని ఆలోచించి, అందులో ఇనుము కలిపి చూశాడు. గీరితే రవ్వలు కురిశాయి. 1903లో పేటెంటు తీసుకున్నాడు. మోనజైట్ తిరువాన్కూరు తీరంలోనే కాదు, మన శ్రీకాకుళం, భీమిలి వైపు నల్లటి ఇసకలో కూడా ఉంది. పెళ్లి పందిట్లో వెలుగూ మావయ్య జేబులో రవ్వా ఒకే ఇసకలోంచి వచ్చిన తోబుట్టువులన్న సంగతి తెలిసిన రోజున నాకు నిద్ర పట్టలేదు.

రాయి అరిగిపోతే కొత్తది వేయించడానికి మావయ్య నన్ను వెంటపెట్టుకుని బజారుకు వెళ్లేవాడు. గొడుగులు, టార్చిలైట్లు, స్టవ్వులు బాగుచేసే సాయిబు తాత అక్కడ ఒక గొడుగు కింద కూర్చునేవాడు. లైటర్లు కూడా ఆయన పనే. రాళ్లను హోమియో మాత్రల సీసాలో దాచుకునేవాడు. అవి గసగసాల కంటే పెద్దవి, మిరియం కంటే సన్నవి. మావయ్య లైటరు ఇవ్వగానే ముందు మూతచెయ్యిని రెండుసార్లు ఎత్తి దించి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు.

“స్ప్రింగు బాగానే ఉంది బాబుగారూ. రాయే అయిపోయింది.”

“వత్తి కూడా చూడు సాయిబూ. మసి కడుతోంది.”

“పెట్రోలు ఎక్కడ పోశారు? స్కూటరుదా?”

మావయ్య నవ్వి ఊరుకునేవాడు. తాత అడుగున మర విప్పేవాడు. సన్నటి స్ప్రింగు బయటికి దూకకుండా వేలితో అదిమిపట్టి తీసి, గొట్టాన్ని తిరగేసి అరచేతిలో తట్టేవాడు. అరిగిన రాయి ముక్క బూడిద రంగులో పడేది. కొత్త రాయి వేసి, స్ప్రింగు పెట్టి, మర బిగించి, మళ్లీ పావు చుట్టు వెనక్కి తిప్పేవాడు. మరీ బిగిస్తే చక్రం రాయిని తినేస్తుందనేవాడు. తర్వాత వత్తిని పట్టకారుతో కొంచెం పైకి లాగి, నల్లబడిన కొసను కత్తిరించేవాడు. వెలిగించి చూసేది మాత్రం గొడుగు నీడలోనే. ఎండలో ఆ మంట కంటికి ఆనదు. వెలిగాక మంటకు అడ్డంగా అరచెయ్యి పెట్టి, ఎటు వాలుతోందో చూసేవాడు. సూటిగా నిలబడితే వత్తి మధ్యలో ఉందని లెక్క. ఇన్నాళ్లకూ నేను ఏ లైటరు చూసినా ముందు చేసేది అదే పని.

సాయిబు తాత వెళ్లిపోయాక ఆ చోటు ఖాళీ అయింది. గ్యాసు నింపే కుర్రాళ్లు కొన్నాళ్లు తిరిగారు. మావయ్య వైద్యుల మాట విని పైపు మానేశాడు. మానేశాక కూడా లైటరును తుడిచి బీరువాలో పెట్టేవాడు. చివరికి అది నా చేతికొచ్చింది. దానికి తోడు వెతకడమే నా వ్యసనం అయింది.

హైదరాబాదు జుమేరాత్ బజారు ఈ పనికి మంచి చోటు. తుప్పు పట్టిన తాళాలు, పగిలిన గడియారాలు, ఎవరివో ఇత్తడి మరచెంబుల మధ్య ఒక్కోసారి ఇమ్కో దొరుకుతుంది. ఇమ్కో వియన్నా కంపెనీ. 1907లో జూలియస్ మీస్టర్ దాన్ని బొత్తాల తయారీ కోసం పెట్టాడు. మొదటి యుద్ధం ముగిసి సైనికుల కోట్లకు బొత్తాలు అక్కరలేకపోయాక లైటర్ల వైపు తిరిగాడు. 1937 నాటికి ట్రిప్లెక్స్ వచ్చింది. చూడటానికి మోటుగా ఉంటుంది. నికెల్ పూత, అడుగున పేరు, నంబరు. కానీ దాని ఉపాయం చూడండి. పక్కనున్న మీటను బొటనవేలితో నొక్కితే మూత లేస్తుంది, అదే తోపుకు చక్రం తిరుగుతుంది, వత్తి అంటుకుంటుంది. వత్తి చుట్టూ చిల్లుల గొట్టం ఉంటుంది. దాన్ని తిప్పితే గాలి చిల్లులు మూసుకుంటాయి, తెరుచుకుంటాయి. అడుగున ట్యాంకును పట్టుకుని లాగితే వెలుగుతున్న వత్తితో సహా బయటికి వచ్చేస్తుంది. చిన్న కొవ్వొత్తిలా దాన్ని ఎటు కావాలంటే అటు వంచి పైపు గిన్నె మీద పట్టుకోవచ్చు. పైపు కోసమే చేసినది కాకపోయినా, పైపు తాగేవాడి కష్టం ఇంత చౌకగా తీర్చిన లైటరు ఇంకోటి లేదు. 2012లో వియన్నాలో దాని తయారీ ఆగిపోయింది. ఆ హక్కులు జపాన్‌కు చెందిన ఒక కంపెనీ తీసుకుంది. నా మట్టుకు ఇమ్కోను డన్‌హిల్ పక్కన పెట్టడానికి సంకోచం లేదు. పక్కనే పెట్టాను కూడా.

జిప్పో అందరికీ తెలిసిన పేరే. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో జార్జ్ బ్లైస్‌డెల్ 1930ల మొదట్లో మొదలుపెట్టాడు. గాలికి ఆరని ఒక ఆస్ట్రియా లైటరును చూసి తనది రూపొందించుకున్నాడు. మొదట్లో 1.95 డాలర్లకు అమ్మాడు. ఎప్పుడు పాడైనా ఊరికే బాగుచేసి ఇస్తామన్న మాట మీద కంపెనీ ఇప్పటికీ నిలబడింది. పైపు కోసం చేసిన జిప్పోలో చిమ్నీ వేరు. మామూలు దానికి వరసగా చిన్న చిల్లులుంటే, దీనికి ఇటూ అటూ ఒక్కో పెద్ద గుండ్రటి రంధ్రం. ఆ రంధ్రాన్ని గిన్నె మీద బోర్లించి పీలిస్తే మంట అందులోంచి దూరి కిందికి దిగుతుంది. తెలివైన పని. కానీ దానిలో పోసే నాఫ్తా వాసన మొదటి గుక్కల్లో పొగాకుతో కలిసిపోతుందని పైపువాళ్లు ఫిర్యాదు చేస్తారు. వాళ్ల మాటను నేను కొట్టిపారేయను. మావయ్య కూడా వెలిగించాక రెండు గుక్కలు వదిలేసి మూడోదానికి కళ్లు మూసుకునేవాడు.

వాసన లేని మంట గ్యాసుతో వచ్చింది. రెండో యుద్ధం తర్వాత ఫ్రాన్సులో బ్యూటేన్ లైటర్లు మొదలయ్యాయి, మిగతా కంపెనీలు అటే వెళ్లాయి. డన్‌హిల్ రోలాగ్యాస్ 1956లో వచ్చింది. ఫ్రాన్సులో ఫావెర్జ్ ఊళ్లోని ఎస్.టి. డ్యూపాంట్ అప్పటికే లైటర్లలో పేరు తెచ్చుకుంది. పెట్టెలు, ప్రయాణపు సంచులు చేసే ఆ కంపెనీ లైటర్లలోకి రావడానికి మన దేశపు మహారాజే కారణమని వాళ్లు చెప్పుకుంటారు. పటియాలా మహారాజు తన కోసం ప్రత్యేకంగా చేయించుకున్న ఆభరణాల్లాంటి చేతిసంచుల్లో ఒక్కో బంగారు లైటరు అమర్చమన్నాడట. 1941లో మొదలైన పని అది. డ్యూపాంట్ మూత తెరిచినప్పుడు సన్నగా గంట కొట్టినట్టు మోగుతుంది. ఆ నాదం కోసం జనం వేలకు వేలు పోస్తారు. నేను దుకాణంలో రెండు మూడు సార్లు తెరిచి విన్నాను. గొప్పగానే ఉంది. కానీ మంట మాత్రం నిటారుగా పైకి వస్తుంది. పైపువాడికి ఆ గంటతో ఏం పని?

గ్యాసు లైటర్లలో పైపుకు అసలైన తోడు జపాన్ వాళ్ల ఓల్డ్ బాయ్. ఇమ్ కొరోనా కంపెనీది. పొడుగ్గా, పలచగా, ఒక పక్క గొట్టం అతికించినట్టు ఉంటుంది. మంట ఆ పక్కనుంచి వాలుగా వస్తుంది. చెయ్యి గిన్నెకు దూరంగా ఉంటుంది, మంట మాత్రం గిన్నె మీద ఒదుగుతుంది. గొట్టంలోనే పొగాకును అదిమే పుల్ల దాగి ఉంటుంది. వెలిగించడం, అదమడం, మళ్లీ వెలిగించడం, మూడూ ఒకే చేతిలో జరిగిపోతాయి. ఇప్పుడు బజారులో దొరికే జెట్ లైటర్లు నీలి మంటను ఊదుతూ చిమ్ముతాయి. చుట్టకైతే సరే గానీ, బ్రయర్ గిన్నె అంచును అవి క్షణంలో కాల్చేస్తాయి. అందుకే ఓల్డ్ బాయ్‌లో ఇప్పటికీ రాయీ చక్రమూ ఉన్నాయి, మంట పసుపుగా మెత్తగా ఉంటుంది. మావయ్య దాన్ని చూడలేదు. చూసి ఉంటే డన్‌హిల్‌ను నాకు ఎప్పుడో ఇచ్చేసేవాడని నా నమ్మకం.

గాలికి నిప్పు ఆరిపోయే సమస్యకు మన తీరంలో వేరే దారి ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో స్త్రీలు చుట్టను తిరగేసి, మండే కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, నుసి రాలదు, లైటరు అక్కర్లేదు. దానికి చెల్లించిన మూల్యం మాత్రం ఘోరం. అంగిటి క్యాన్సరుకూ ఆ అలవాటుకూ ఉన్న సంబంధాన్ని విశాఖ వైద్యులు దశాబ్దాల కిందటే గుర్తించారు. లైటర్ల అందం గురించి రాస్తున్నప్పుడు కూడా ఆ ఆడవాళ్లను నేను పక్కన పెట్టలేను.

లైటర్లు మన దగ్గర ఎందుకు పెద్దగా పాకలేదో చెప్పే కాగితం ఒకటుంది. 1934లో బ్రిటిషు ప్రభుత్వం అగ్గిపెట్టెల మీద ఎక్సైజు సుంకం వేసింది. జనం లైటర్లకు మళ్లి ఆ సుంకం తప్పించుకోకుండా అదే ఏడాది లైటర్ల మీద కూడా వేరే చట్టం తెచ్చింది. ఓడ బొమ్మ అగ్గిపెట్టెల విమ్కో కంపెనీ, శివకాశి కార్ఖానాలు పల్లెపల్లెకూ పుల్లలు చేర్చాయి. లైటరు పట్నం వాళ్ల సరుకుగానే ఉండిపోయింది. గల్ఫు నుంచి వచ్చినవాళ్లు సెంటుసీసాలతో పాటు తెచ్చిన లైటర్లు కోనసీమలో, కరీంనగర్‌లో కొన్నాళ్లు మెరిశాయి. కొన్ని మూత తీస్తే పాట పాడేవి. ఆ తర్వాత పారేసే ప్లాస్టిక్ లైటర్లు వచ్చాయి. 1973లో బిక్ కూడా వాటిని తెచ్చాక అవి ప్రపంచమంతా నిండాయి. గ్యాసు అయిపోతే అవతల పారేయడమే. రాయి మార్చడానికి మర లేదు, మార్చేవాడు లేడు. అగ్గిపెట్టెల పరిశ్రమను కాపాడటానికి మన ప్రభుత్వం 2023 జూన్‌లో 20 రూపాయల లోపు లైటర్ల దిగుమతిని నిషేధించింది. 1934లో ఉన్న అగ్గిపుల్ల, లైటరు తగవే ఇది. మధ్యలో నలిగిపోయింది సాయిబు తాత వృత్తి.

ఇప్పుడు అమెరికాలో ఉన్న మా మేనల్లుడు వారాంతాల్లో అక్కడి పాత సామాను అమ్మకాలకు వెళ్తాడు. దొరికిన లైటర్ల ఫొటోలు పంపుతాడు. “చూడు మావయ్యా, ఇది బాగుందా?” అని అడిగితే నేను అడిగేది ఒక్కటే. అడుగున మర తిరుగుతోందా? పాత రాయిని లోపలే వదిలేసి ఏళ్ల తరబడి పక్కన పడేస్తే, అది గాలిలోని తేమ పీల్చి ఉబ్బి, పొడిగా మారి, గొట్టం గోడలకు పట్టుకుపోతుంది. మన కోస్తా తేమలో ఇంకా త్వరగా. అప్పుడు సన్నటి డ్రిల్లు పుల్లను చేత్తోనే మెల్లగా తిప్పుతూ, ఇత్తడి గోడకు తగలకుండా, పొడిని కొంచెం కొంచెంగా రాల్చాలి. యంత్రం పెడితే గొట్టం పాడవుతుంది. దాచుకునేవాళ్లు రాయి తీసేసి, వత్తి ఆరబెట్టి, స్ప్రింగును విడిగా కాగితంలో చుట్టి పెట్టుకోవాలి. కొనేవాళ్లు వెండి పూతా చెక్కడమూ తర్వాత చూడాలి. ముందు ఆ మర తిప్పాలి. తిరిగితేనే ధర అడగాలి.